పట్టాల పక్క ఊరికి పరిహారం ఎవరిస్తారు?

పరిగి మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారిపై వంటగ్యాసు ట్యాంకరు ఒకటి బోల్తా పడి, గ్యాసు లీకై అంటుకుందనుకోండి. పక్క చేనులో కలుపు తీస్తున్న మనిషి ఆ మంటల్లో పోతే, తప్పెవరిదో అతని భార్య రుజువు చేయనక్కర్లేదు. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం ఆమెకు ఆ భారం తప్పించింది. చట్టం జాబితాలో ఉన్న సరుకు, నిర్ణయించిన పరిమాణం మించి ఉంటే చాలు. ప్రమాదం సంగతి తెలియగానే కలెక్టరే విచారించాలి, దరఖాస్తులు పెట్టుకోండని ఊళ్లలో చాటించాలి, వీలైనంతవరకు మూడు నెలల్లో తేల్చాలి. ఆ రోజు గ్యాసు ఎవరి అదుపులో ఉందో వాళ్లే డబ్బు కట్టాలి.

అదే గ్యాసు ఇరవై కిలోమీటర్లకు అటూఇటూ దూరంలో ఉన్న వికారాబాద్ జంక్షన్ దగ్గర రైలు వ్యాగన్‌లోంచి లీకై అంటుకుంటే ఈ చట్టం వర్తించదు. ప్రమాదకర సరుకును వాహనంలో తరలించడం దాని పరిధిలోకి వస్తుంది గానీ, వాహనమంటే రైల్వేలు తప్ప నేల మీద నడిచే ఏ రవాణా సాధనమైనా అని రెండో సెక్షనులో నిర్వచించారు. మూడు దశాబ్దాలు దాటినా ఆ మినహాయింపు అక్కడే ఉంది. దాన్ని తీసేయాలి. ఈ వ్యాసంలో నేను అడిగేది ప్రధానంగా అదే.

నేను పరిగి కోర్టులో వకీలును. నా దగ్గరికొచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం మోటారు యాక్సిడెంటు కేసులే. హైదరాబాదు–బీజాపూర్ రోడ్డు పక్కన ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్లకు వేరే కేసులు వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఇంటి మనిషిని పోగొట్టుకుని, ప్లాస్టిక్ కవరులో కాగితాలు చుట్టుకుని వచ్చినవాళ్లను ముందు అడిగేవి ఇవే: ఎఫ్ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండి ఆర్సీ, డ్రైవరు లైసెన్సు, ఇన్సూరెన్సు పాలసీ. ఇవి దొరికితే సగం కేసు తయారైనట్టే. కోర్టులో పిటిషనుకు ఓపీ నంబరు పడుతుంది, బండి యజమానికీ బీమా కంపెనీకీ నోటీసులు పోతాయి. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొని పందొమ్మిది మంది చనిపోయారు. తాండూరు, వికారాబాద్, పరిగి ప్రాంతమంతా ఆ వారం శోకంలో మునిగిపోయింది. ఏ తీర్పూ పోయినవాళ్లను తిరిగి తేలేదు. కానీ ఏ కోర్టుకు పోవాలి, ఎవరిని ప్రతివాదిగా పెట్టాలి, తప్పు రుజువు కాకపోయినా ఎంత వస్తుందన్నది ఆ కుటుంబాలకు చట్టం చెప్పగలదు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు తప్పుతో పనిలేకుండా ఇవ్వాల్సిందే.

మా దగ్గర ఇప్పుడు రైలు మాట గట్టిగా వినబడుతోంది. వికారాబాద్ నుంచి పరిగి, కొడంగల్, నారాయణపేట, మక్తల్ మీదుగా కృష్ణా స్టేషను దాకా లైను వేయాలన్నది మా పెద్దల కాలం నుంచీ ఉన్న కోరిక. నాదీ అదే కోరిక. 1874లో నిజాం రైలు సికింద్రాబాదు నుంచి వాడి దాకా పోతూ వికారాబాద్‌నూ తాండూరునూ కలిపింది, మమ్మల్ని పక్కన వదిలేసింది. తాండూరు నాపరాయి వ్యాపారం, సిమెంటు ఫ్యాక్టరీలు ఆ పట్టాలను నమ్ముకునే ఎదిగాయి. ఆ భాగ్యం పరిగికీ రావాలి. ఒకరోజు వేరే పని మీద వచ్చిన రైతు ఒకాయన, లైను తన చేను పక్కనుంచే పోతుందని విని, నన్నడిగాడు: "రైలొస్తే మంచిదే వకీల్ సాబ్. గని పెట్రోలు డబ్బాలు గూడ పోతయి గదా. ఏమన్న అయితే ఎవల మీద కేసెయ్యాలె?"

రోడ్డు సంగతైతే రెండు ముక్కల్లో చెప్పేవాణ్ని. రైలు కాబట్టి చాలాసేపు చెప్పాల్సి వచ్చింది.

రైల్వే చట్టం 1989లో పరిహారం ఎవరెవరికి రాసి పెట్టారో చూడండి. 124వ సెక్షను కింద రైలు ప్రమాదంలో ప్రయాణికుడికి పరిహారం ఉంది. రైల్వే తప్పున్నా లేకపోయినా ఇవ్వాలి. డ్యూటీలో ఉన్న రైల్వే ఉద్యోగినీ ప్రయాణికుడి కిందే లెక్కగట్టారు. మరణానికి 2017 జనవరి నుంచి 8 లక్షలు. సరుకు పంపినవాడికి 93వ సెక్షను ఉంది. సరుకు పోయినా పాడైనా సాధారణంగా రైల్వేదే బాధ్యత. మంటలు, పేలుడు, దైవఘటన వంటి మినహాయింపులున్నా, తాను తగిన ముందుచూపుతో, జాగ్రత్తతో నడుచుకున్నానని రైల్వేనే రుజువు చేసుకోవాలి.

మరి టికెట్టు కొనని, సరుకు పంపని, తన ఇంట్లో పడుకున్న మనిషికి ఏముంది? అతని కోసం ఇలాంటి సెక్షను ఒక్కటీ లేదు. ఈ తేడా నన్ను నిలవనివ్వడం లేదు. వ్యాగన్‌లో కాలిపోయిన డీజిలు కోసం దాని యజమాని వస్తే, జాగ్రత్త తీసుకున్నామని రైల్వే చూపాలి. ఆ డీజిలు మంటల్లో పోయిన మనిషి కోసం అతని భార్య సివిల్ కోర్టుకొస్తే, జాగ్రత్త తీసుకోలేదని ఆమె చూపాలి. పట్టా ఎక్కడ చీలిందో, ఇరుసు ఎప్పుడు వేడెక్కిందో, వాల్వు ఎవరు సరిగ్గా బిగించలేదో, ఆ రికార్డులన్నీ రైల్వే చేతుల్లో ఉంటాయి. రుజువు భారం మాత్రం ఏ రికార్డూ చూడని ఇల్లాలి మీద!

ఆమె ఏ చట్టం కింద దావా వేయాలో కూడా చెప్పాను. ప్రాణాంతక ప్రమాదాల చట్టం, 1855. వికారాబాద్ మీదుగా రైలు నడవడానికి పందొమ్మిదేళ్ల ముందు పుట్టిన చట్టమది. దాని కింద అవతలివాళ్ల తప్పుడు పనో, నిర్లక్ష్యమో, చేయాల్సింది చేయకపోవడమో ఉండాలి. గడువు మరణించిన నాటి నుంచి రెండేళ్లు. దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రైల్వే జనరల్ మేనేజరుకు, అంటే మాకైతే సికింద్రాబాదులోని దక్షిణ మధ్య రైల్వే కార్యాలయానికి, రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కోర్టు ఫీజు సంగతి వేరే. జాతీయ హరిత ట్రిబ్యునల్ తలుపు కూడా ఉంది, 2010 చట్టంలోని 17వ సెక్షను తప్పుతో నిమిత్తం లేని బాధ్యతనే పాటించమంటుంది. కానీ మన రాష్ట్రానికి దాని బెంచి చెన్నైలో ఉంది. పరిగి మండలంలో రెండెకరాల కంది వేసుకునే కుటుంబాన్ని చెన్నై వెళ్లమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వికారాబాద్ స్టేషనులో లూప్ లైను మీద ఆగిన ట్యాంకు వ్యాగన్ల రేకును, అంటే ఒకే రైలుగా కట్టిన వ్యాగన్ల వరుసను, ఎప్పుడైనా దగ్గరగా చూడండి. నల్లగా జిడ్డు పట్టిన పొట్ట, పైన మూత, కింద వాల్వు, పక్కన రంగు పలక. పెట్రోలైతే ఆ పలక మీద 1203 అని ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆ సరుకుకు ఇచ్చిన నంబరది. డీజిలుకు 1202, అమ్మోనియాకు 1005, క్లోరిన్‌కు 1017. నంబరు పైన 3వైఈ అని ఇంకో గుర్తు. 3 అంటే మంట మీద నురుగు కొట్టాలని, చివరి ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడాలని ఫైరింజను సిబ్బందికి సూచన. పక్కింటివాళ్లకు ముప్పుందని ఆ పలక రాసినవాళ్లకు తెలుసు. పరిహారం చట్టం రాసినప్పుడు కూడా ఆ పక్కింటివాళ్లు గుర్తుండాల్సింది.

రైలును తప్పుబట్టడానికి ఇదంతా రాయడం లేదు. ఒక్కో పెట్రోలు వ్యాగన్‌లో దాదాపు 70 వేల లీటర్లు పడుతుంది. యాభై వ్యాగన్ల రేకు ఒక్కటి 35 లక్షల లీటర్లు మోస్తుంది. అదే రోడ్డు మీదికి వస్తే 20 వేల లీటర్ల ట్యాంకర్లు 175 కావాలి. మన్నెగూడ నుంచి కొడంగల్ దాకా ఆ రోడ్డు తెలిసినవాళ్లెవరూ అన్ని ట్యాంకర్లను కోరుకోరు. ప్రమాదకర సరుకు రైలెక్కడమే మేలు. అయితే ప్రమాదాలు అరుదైనంత మాత్రాన ఒక్కసారి జరిగేది చిన్నదవదు. 2025 జూలై 13 తెల్లవారుజామున, తెలుగు కుటుంబాలు చాలా ఉన్న తమిళనాడులోని తిరువళ్లూరు దగ్గర డీజిలు రైలు పట్టాలు తప్పి అంటుకుంది. పద్దెనిమిది వ్యాగన్లు కాలిపోయాయి. పక్కనే ఇళ్లు. జనాన్ని ఖాళీ చేయించారు, ప్రాణనష్టం లేకుండా బయటపడ్డారు. గాలి ఇంకో వైపు వీచి ఉంటే ఏ చట్టం కింద ఎవరి దగ్గరికి పోవాలో అక్కడి వకీళ్లూ నాలాగే 1855 దాకా వెళ్లాల్సి వచ్చేది.

సుప్రీంకోర్టు దారి చూపి చాలా కాలమైంది. 1985 డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం లీకైంది. ఎం.సి.మెహతా వేసిన ఆ కేసులో 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్.భగవతి ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ప్రమాదకరమైన వ్యాపారం చేసి లాభం తీసుకునే సంస్థ, దానివల్ల జరిగే హానికి ఏ మినహాయింపూ లేకుండా పూర్తి బాధ్యత వహించాలని, ఎంత జాగ్రత్తగా ఉన్నామని చెప్పుకున్నా కుదరదని ఆ తీర్పు సారాంశం. 1868 నాటి ఇంగ్లీషు రైలాండ్స్ కేసులో ఉన్న దైవఘటన, మూడో మనిషి చేష్ట వంటి సాకులను మన కోర్టు ఒప్పుకోలేదు. తర్వాత నాలుగేళ్లకు బీమా చట్టం వచ్చింది. ఫ్యాక్టరీకీ గోదాముకూ లారీకీ ఆ సూత్రం చేరింది. రైలు దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగింది? రైల్వే కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి దానికి బీమా కుదరదని ఎవరైనా అంటే, జవాబు అదే చట్టంలో ఉంది. ప్రభుత్వాన్నీ ప్రభుత్వ సంస్థలనూ బీమా పాలసీ నుంచి మినహాయించవచ్చు, కానీ ప్రత్యేక నిధి పెట్టిన తర్వాతేనని నాలుగో సెక్షను చెబుతోంది. రైల్వేకూ ఆ ఏర్పాటే సరిపోతుంది.

పరిహారం ప్రకటనల మీద నడిస్తే ఏం జరుగుతుందో మన రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇళ్లలో ఉన్నవాళ్లు ఇరవై మందికి పైగా చనిపోయారు. అది కూడా ప్రమాదకర సరుకు రవాణాయే, పట్టాల బదులు గొట్టం. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ లీకై పన్నెండు మంది పోయారు. మరుసటి రోజే హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిటు చేయమంది, రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి కోటి ప్రకటించింది. దేశమంతా చూస్తున్నప్పుడు చేతులు చురుగ్గా కదిలాయి, మంచిదే. కానీ ఒక్క గొర్రెల కాపరి తాండూరు దగ్గర పట్టాల పక్కన యాసిడ్ పడి పోతే టీవీ బండ్లు రావు. ప్రకటన మీద ఆధారపడిన పరిహారం ఎందరు చూస్తున్నారన్న దాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. హక్కుగా వచ్చేదానికి ఆ పరిస్థితి ఉండకూడదు.

సరుకు పంపినవాడి బాధ్యత ఏమిటన్నది వేరే ప్రశ్న, దానికీ రైల్వే చట్టం సగం జవాబే ఇస్తుంది. 67వ సెక్షను ప్రకారం ప్రమాదకర సరుకును రాతపూర్వకంగా చెప్పి, పైన గుర్తు వేసి ఇవ్వాలి. రెడ్ టారిఫ్ నిబంధనలు పేలుడు పదార్థాల నుంచి యాసిడ్ల దాకా తరగతులుగా విభజించి ఏది ఎలా ఎక్కించాలో చెబుతాయి. దాచి ఎక్కిస్తే 164వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ, పైగా జరిగిన నష్టమంతా భరించాలి. 2023 ఆగస్టు 26న మదురైలో యాత్రికుల బోగీలోకి దొంగచాటుగా తెచ్చిన గ్యాసు సిలిండరు వల్ల తొమ్మిది మంది కాలిపోయారు, ఈ సెక్షను అలాంటివాళ్ల కోసమే. వెయ్యి రూపాయల జరిమానా సంగతి పార్లమెంటు ఎప్పుడో చూడాల్సింది. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి. అన్నీ చెప్పి, అన్నీ రాసి పంపిన కంపెనీ సరుకు దారిలో అంటుకుంటే, పట్టాల పక్కనున్నవాళ్ల పట్ల దాని బాధ్యతేమిటో రైల్వే చట్టం మాట్లాడదు.

ఇటలీ, కెనడా ఈ ప్రశ్నను శవాల మధ్య నిలబడి వేసుకోవాల్సి వచ్చింది. 2009 జూన్ 29 అర్ధరాత్రి వేళ వియారెజ్జో పట్టణంలో గ్యాసు రైలు వ్యాగన్ ఇరుసు విరిగి పట్టాలు తప్పింది. చనిపోయిన 32 మందిలో ఎక్కువమంది పక్క వీధి ఇళ్లవాళ్లు. 2017లో లుక్కా కోర్టు శిక్షించింది ఒక్క రైల్వే పెద్దలనే కాదు, వ్యాగన్‌ను అద్దెకిచ్చిన కంపెనీవాళ్లనూ ఆ ఇరుసును తనిఖీ చేసిన వర్కుషాపువాళ్లనూ కూడా. అప్పీళ్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచాయి. మన దగ్గరా ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు సొంత వ్యాగన్లు పెట్టుకునే పథకాలున్నాయి. వ్యాగన్ ఒకరిది, సరుకు ఇంకొకరిది, ఇంజనూ పట్టాలూ రైల్వేవి. ప్రమాదం జరిగాక ముగ్గురూ ఒకరినొకరు చూపుతుంటే మధ్యలో ఇల్లాలు నిలబడిపోకూడదు.

కెనడా అనుభవం మనకింకా దగ్గరిది. 2013 జూలై 6న లాక్ మెగాంటిక్ అనే చిన్న ఊరిలోకి ముడిచమురు రైలు డ్రైవరు లేకుండా దొర్లి వచ్చి 47 మందిని బలి తీసుకుంది. రైలు నడిపిన కంపెనీకి ఉన్న బీమా రెండున్నర కోట్ల డాలర్లు. నష్టం ముందు అది ఏ మూలకూ చాలలేదు, కంపెనీ దివాలా తీసింది. సుమారు పాతిక కంపెనీలు కలిసి దాదాపు 45 కోట్ల కెనడా డాలర్లు పోగేస్తే గానీ బాధితుల లెక్క తేలలేదు. ఆ పాఠంతో 2015లో చట్టం మార్చారు. మోసే సరుకును బట్టి రైలు కంపెనీకి కనీస బీమా తప్పనిసరి చేశారు. ముడిచమురు పంపే ప్రతి కంపెనీ నుంచి టన్నుకు 1.65 డాలర్ల చొప్పున తీసుకుని ప్రత్యేక నిధి పెట్టారు. బీమా అయిపోయాక ఆ నిధి అక్కరకొస్తుంది.

అంతర్జాతీయ ఒప్పందం కోసం ఎదురుచూద్దామనేవాళ్లకు ఒక్క సంగతి. రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గాల మీద ప్రమాదకర సరుకు నష్టానికి బాధ్యత ఎవరిదో తేల్చే ఒప్పందాన్ని 1989లోనే జెనీవాలో రాశారు. ఈనాటికీ అది అమల్లోకి రాలేదు. మన చట్టం మనమే దిద్దుకోవాలి.

నా లెక్క ఇది. పట్టాల పక్కనున్న మనిషికి ముందు రైల్వేనే చెల్లించాలి, ఎందుకంటే ఆ గంటలో సరుకు దాని అదుపులో ఉంది. తర్వాత ఆయిల్ కంపెనీ దగ్గరో, వ్యాగన్ యజమాని దగ్గరో రైల్వే వసూలు చేసుకోవచ్చు, వాళ్ల రికార్డులు వాళ్లు తేల్చుకోగలరు. దానికి నిధి కావాలంటే ప్రమాదకర సరుకు రవాణా చార్జీ మీద టన్నుకు కొన్ని రూపాయలు వేయొచ్చు. ప్రమాదకర పదార్థాలు వాడే ఫ్యాక్టరీలు బీమా ప్రీమియంతో పాటు పర్యావరణ సహాయ నిధికి ఇప్పటికే అంతే మొత్తం కడుతున్నాయి, కాబట్టి వసూలు పద్ధతి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1991లో మరణానికి పెట్టిన 25 వేలు, ఆస్తి నష్టానికి పెట్టిన 6 వేలు ఈ కాలానికి ఏ మాత్రం సరిపోవు. కంది చేనంతా యాసిడ్‌తో మాడిపోతే విత్తనాల ఖర్చు కూడా రాని లెక్కది. రైలుకు పెట్టే మొత్తం ప్రయాణికుడికిచ్చే 8 లక్షలకు తగ్గకూడదు. రైలు లోపల పోయిన ప్రాణానికీ బయట పోయిన ప్రాణానికీ ధర వేరుగా కట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇంకో పని చట్టం మారకముందే చేయొచ్చు. ఏ రోజు ఏ సరుకు రేకు ఏ స్టేషను దాటుతోందో రైల్వే కంట్రోలుకు తెలుసు. ఆ సమాచారం వికారాబాద్, తాండూరు అగ్నిమాపక కేంద్రాలకూ కలెక్టరు కార్యాలయానికీ ముందే అందాలి. నురుగు కొట్టాల్సిన మంట మీద నీళ్లు కొట్టే పరిస్థితి రాకుండా ఉండాలంటే పలక మీది నంబరు ఫైరింజను బయల్దేరకముందే తెలియాలి.

పరిగి, వికారాబాద్, తాండూరు మూడూ చేవెళ్ల లోక్‌సభ స్థానంలోవే, కొడంగల్, నారాయణపేట, మక్తల్ మహబూబ్‌నగర్‌లోవి. కొత్త లైను కోసం ఢిల్లీలో మాట్లాడే ఇద్దరు ఎంపీలూ ఈ సవరణ కోసమూ మాట్లాడాలి. వాళ్లకు ఇవ్వడానికి నేనూ నా తోటి వకీళ్లు కొందరూ కలిసి ఒక్క పేజీ ముసాయిదా రాశాం. మొదటి వాక్యం ప్రజా బాధ్యత బీమా చట్టం రెండో సెక్షనులోంచి రైల్వే మినహాయింపును తీసేస్తుంది. రెండోది, దరఖాస్తు తీసుకునే చోటు ప్రమాదం జరిగిన జిల్లా కలెక్టరేటే కావాలని, బాధితులను సికింద్రాబాదుకో చెన్నైకో పంపకూడదని చెబుతుంది.